ఇరవై అంకెల సంఖ్యను చూసి పారిపోదామా?



లెక్కల పీరియడ్ అంటే చాలు, మనలో సగంమందికి కడుపునొప్పి వచ్చేస్తుంది. "పెద్ద లెక్కలు మనకెందుకులేరా, చేపలూ రొయ్యలూ లెక్కబెట్టుకుంటే చాలదా" అనే మాట కూడా మనం వింటానే ఉన్నాం. ఆ మాట నేను ఒప్పుకోను. ఎందుకో ఒక్క సంఖ్యతో చెప్తాను.

1,84,46,74,40,73,70,95,51,615

చదరంగం బల్లకు 64 గళ్ళు. మొదటి గడిలో ఒక వడ్లగింజ, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు, ఇట్లా రెట్టింపు చేసుకుంటా పోతే మొత్తం గింజలు ఇన్ని. లక్షా ఎనభై నాలుగు వేల పైచిలుకు కోట్ల కోట్లు! మన నెల్లూరు మాగాణి మొత్తం వెయ్యేళ్ళు పండినా చాలవు.

దీన్ని పావులూరి మల్లన అనే తెలుగు కవి పదకొండో శతాబ్దంలోనే పద్యంలో పెట్టాడు. చంద్రుడంటే 1, వేదాలంటే 4, ఆకాశమంటే 0. అట్లా మాటల్ని అంకెలుగా మార్చి కుడి నుంచి ఎడమకు రాసుకుంటే ఇరవై అంకెలూ దిగుతాయి. బజార్లో దొరికే చిన్న కాలిక్యులేటర్లో ఇన్ని అంకెలు పట్టవు. పద్యం మాత్రం అక్షరం రాని మనిషి నోట్లో కూడా నిలుస్తుంది. ఈనాటి కంప్యూటర్ 64 బిట్లలో దాచుకోగల అతి పెద్ద పూర్ణసంఖ్య కూడా ఇదే!

64 గళ్ళూ కూడాల్సిన పని లేదు. 1+2=3, అంటే 4కి ఒకటి తక్కువ. 1+2+4=7, 8కి ఒకటి తక్కువ. అంటే 64 గళ్ళ మొత్తం, 65వ గడి ఉంటే దాంట్లో పడే గింజలకు ఒకటి తక్కువ. అంతే! చివర 5 ఉంది కాబట్టి 5తో పోతుంది. అంకెలన్నీ కూడితే 87, కాబట్టి 3తోనూ పోతుంది, 9తో పోదు. దీన్ని భాగించే సంఖ్యల్లో 4,29,49,67,297 ఒకటి. ఫ్రాన్సు దేశపు ఫెర్మా అంతటివాడు దాన్ని ప్రధాన సంఖ్య అనుకున్నాడు. 1732లో ఆయిలర్ 641తో భాగించి శేషం సున్నా అని చూపించాడు. అంత పెద్దాయన మాటనైనా భాగహారం చేసి చూడాల్సిందే కదా.

ఇక అసలు సంగతి. ఈ రెట్టింపు చదరంగం బల్ల మీదే లేదు, మన ఇళ్ళల్లో ఉంది. నూటికి నెలకు పది రూపాయల వడ్డీకి వెయ్యి తెచ్చి, కట్టలేక వడ్డీని అసల్లో కలుపుకుంటా పోతే ఎనిమిది నెలలకు 2,143 రూపాయలు దాటుతుంది. పదహారు నెలలకు 4,594 దాటుతుంది. కాగితం మీద వేలిముద్ర వేసే నాయనకు ఈ లెక్క ముందే చెప్పేవాళ్ళు ఎవరు? మనమే గదా! మరి మనమే పారిపోతే ఎట్లా?

వార్డెన్ సార్లకు ఒక మనవి. స్టడీ అవర్లో రోజూ గైడు బిట్లు బట్టీ పట్టించేదానికి బదులు, వారానికి ఒక్క సాయంత్రం ఇట్లాంటి లెక్క ఒకటి మా చేత చేయించండి. ముందుగా 641 భాగహారం చేద్దాం. తప్పు లేకుండా చేసినవాళ్ళ కాగితం ఈ గోడ మీదే, దీని పక్కన అంటిద్దాం.