ఖాళీ కొట్టాలు, కాలుతున్న గడ్డి

2025 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో తెలంగాణ అంతటా, ఆంధ్రప్రదేశ్‌లో చాలాచోట్ల రైతులు యూరియా బస్తా కోసం తెల్లవారకముందే సొసైటీ గోదాముల ముందు బారులు తీరారు. గంటల తరబడి నిలబడలేక చెప్పులనూ, పాసుపుస్తకాల జిరాక్సు కాగితాలనూ వరుసలో పెట్టి చెట్టు నీడకు చేరినవాళ్ల ఫొటోలు పత్రికల్లో చూశాం. దిగుమతులు సమయానికి రాలేదన్నారు. రామగుండం కర్మాగారంలో ఉత్పత్తి దెబ్బతిందన్నారు. కేంద్రం కోటా ఇవ్వలేదని రాష్ట్రం, ఇచ్చింది సరిగా పంచలేదని కేంద్రం ఒకరినొకరు నిందించుకున్నాయి. ఆ మాటల్లో నిజం కొంత ఉంది. అయితే అంతకు మూడు నాలుగు నెలల ముందు, ఏప్రిల్, మే ఎండల్లో, ఈ రాష్ట్రాల్లోనే ఎన్నో పొలాల్లో యాసంగి వరిగడ్డికి నిప్పు పెట్టారు. యూరియా గొడవలో ఆ మంట ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఎత్తాల్సిన ఊసే అది. ఎకరాకు పాతిక క్వింటాళ్ల ధాన్యం పండితే దాదాపు అంతే తూకం గడ్డి వస్తుంది. ఆ రెండున్నర టన్నుల గడ్డిలో పదిహేను కిలోల దాకా నత్రజని ఉంటుంది. అంటే యూరియా బస్తాలో ముప్పాతిక వంతు. నిప్పు పెడితే అది దాదాపు మొత్తం గాలిలో కలిసిపోతుంది. వరి పైరు నేల నుంచి తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం గింజలోకి పోదు, గడ్డిలోనే ఉండిపోతుంది. కాలిస్తే అది బూడిదలో మిగులుతుందని కొందరు సమర్థించుకుంటారు. మిగులుతుంది కానీ, కోత మిషన్ గడ్డి వదిలిన వరుసల వెంబడే కుప్పగా మిగిలి, కొంత గాలికి ఎగిరి, కొంత తొలకరి వానకు కొట్టుకుపోతుంది. వీటన్నిటి కంటే పెద్ద నష్టం కర్బనం. ఎకరాకు సుమారు ఒక టన్ను. దాన్ని ఏ కొట్లోనూ బస్తాల్లో అమ్మరు. పంజాబ్ పొగ ఢిల్లీ దాకా పోతుంది కాబట్టి దేశమంతా దాని గురించి మాట్లాడుతుంది. మన పొగ ఊరి పొలిమేర దాటదు.

రైతు తెలివితక్కువతనంతో కాలుస్తున్నాడని అనుకుంటే పొరపాటు. ఇంట్లో పశువు ఉంటే గడ్డి పరక కూడా వదలడు. ఇప్పుడు కొట్టం ఖాళీ. చేతికోత, కుప్పనూర్పిడి ఉన్న రోజుల్లో గడ్డి పొడవుగా, శుభ్రంగా వచ్చేది, వాము వేసేవాళ్లు. కోత మిషన్ పైపైన కోసి, గడ్డిని నలగ్గొట్టి వెనకాల వరుసగా పారబోస్తుంది. కింద మూరెడు కొయ్యకాలు నిలిచి ఉంటుంది. దాన్ని కూలీలతో ఏరించి మోపు కట్టించాలంటే గడ్డి ధర కంటే కూలి ఎక్కువవుతుంది. గడ్డిని చుట్టి కట్టే బేలర్ యంత్రం తెప్పిద్దామంటే కోతల వేళ ఊళ్లో అందరికీ ఒకేసారి కావాలి. ఈలోగా కాలువకు నీళ్లు వదులుతారు, నారు ముదిరిపోతుంది. అగ్గిపెట్టె ఒక్కటే ఖర్చు లేని దారిగా కనిపిస్తుంది. ఆ లెక్కలో తప్పు లేదు, అది ఒక్క కారుకు వేసుకున్న లెక్క కాబట్టి.

కొట్టం ఎందుకు ఖాళీ అయిందో అందరికీ తెలుసు. 1970ల మొదట్లో మన దేశంలో సేద్యానికి వాడే శక్తిలో సగానికి దగ్గరగా పశువులదే. ఇప్పుడు పదో వంతు కూడా లేదు. ట్రాక్టరు వచ్చింది, ఎడ్లు పోయాయి. 2019 పశుగణనలో దేశమంతటా నాటు పశువులు అంతకు ముందు గణన కంటే 6 శాతం తగ్గాయి. మన ఒంగోలు జాతి బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో కోట్లలో పెరిగిందనీ, 2023లో వయాటినా-19 అనే ఆవు విలువను నలభై లక్షల డాలర్లకు పైగా కట్టారనీ చెప్పుకొని మురిసిపోవడం మనకు అలవాటైంది. పుట్టిన గడ్డ మీద మాత్రం ఒంగోలు గిత్త ఎక్కువగా బండలాగుడు పోటీల్లోనే కనిపిస్తోంది. ఎడ్లను మళ్లీ నాగలికి కట్టాలని ఈ పత్రిక అనడం లేదు. రెండు ఎకరాల రైతు ఏడాదిలో ముప్పై రోజుల దుక్కి కోసం ఒక కాడిని 365 రోజులూ మేపలేడు. ట్రాక్టరు తప్పేమీ లేదు. ఎద్దుతో పాటు ఆవు, గేదె, దూడ, పెంట దిబ్బ కూడా పోతున్నా, వాటి స్థానంలో ఏం రావాలో ఎవరూ ఆలోచించకపోవడమే తప్పు.

పేడ ఎరువు గురించి చెప్పేటప్పుడు కూడా అతిశయోక్తి పనికిరాదు. ఎకరాకు నాలుగు టన్నుల పశువుల ఎరువు వేయమన్నది పాత సిఫార్సు. ఏడాదంతా రెండు పశువుల పేడను, కొట్టం చెత్తను జాగ్రత్తగా మాగబెడితే సుమారు అంత వస్తుంది. అందులో ఉండే నత్రజని ఇరవై కిలోలు, అంటే ఒక్క యూరియా బస్తా. ఇప్పటి వరి రకాలకు ఎకరాకు అంతకు రెట్టింపు పైనే కావాలి. కాబట్టి పేడతోనే ఇంత ధాన్యం పండిస్తామని వేదికల మీద చెప్పే మాట నిలబడేది కాదు. పెంట చేసే పని వేరు. అది మట్టిని గుల్లగా ఉంచుతుంది, తేమను పట్టి ఉంచుతుంది, వేసిన యూరియాను వేరుకు అందే దాకా ఆపుతుంది. మాగాణిలో చల్లిన యూరియాలో పైరుకు అందేది మూడో వంతు, మహా అయితే నలభై శాతం. మిగిలింది ఆవిరైపోతుంది, లేదా నీళ్ల వెంట పోతుంది. సేంద్రియ కర్బనం అడుగంటిన నేలలో ఈ వృథా ఇంకా పెరుగుతుంది. భూసార పరీక్ష కార్డులో సేంద్రియ కర్బనం అర శాతానికి తగ్గితే ‘తక్కువ’ అని రాస్తారు. ఆ గడిని చూసి ఎరువు మోతాదు మార్చుకున్న రైతు ఎక్కడో గానీ కనిపించడు, ఆ గడి చూపించి మాట్లాడిన అధికారీ అరుదే.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. మట్టి బలం తగ్గేకొద్దీ అదే దిగుబడికి మరో అర బస్తా చల్లాల్సి వస్తుంది. 45 కిలోల యూరియా బస్తా ధర రూ.266.50 దగ్గరే ఆగి ఉంది. 50 కిలోల డీఏపీ రూ.1,350. 2010లో పోషకాల ఆధారిత రాయితీ తెచ్చినప్పుడు యూరియాను దాని బయటే ఉంచారు. చవకగా దొరికేదాన్ని రైతు ఎక్కువగా వేస్తాడు, ఎవరైనా అంతే చేస్తారు. ఎక్కువ నత్రజనితో పైరు ఏపుగా పెరిగి సుడిదోమను, కాండం తొలిచే పురుగును పిలుస్తుంది. దానికి మందు కొట్టాలి. ఆ మందుల బిల్లు ఎరువుల కొట్టు యజమాని ఖాతాలోనే జమ అవుతుంది. మరో దేశం ఎగుమతులు ఆపిన ఏడాది, ఓడ పది రోజులు ఆలస్యమైన ఏడాది, పొట్ట దశలో ఉన్న వరికి అందాల్సిన బస్తా అందదు. పెంట దిబ్బ ఉన్న రోజుల్లో కొరత ఒక దెబ్బ కొట్టి పోయేది. ఇప్పుడు పంటనే మింగేయగలదు.

పాలసీ పత్రాల్లో కనిపించని ఇంకో కారణం కౌలు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో సాగు చేసేవాళ్లలో పెద్ద భాగం కౌలుదార్లే. చేనుకు తోలిన పెంట మొదటి ఏడాది తన బలంలో మూడో వంతే ఇస్తుంది, మిగతాది తర్వాతి రెండు మూడేళ్లలో వస్తుంది. వచ్చే ఏడాది ఈ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియనివాడు ట్రాక్టరు ట్రక్కుకు కిరాయి పెట్టి పెంట ఎందుకు తోలిస్తాడు? ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు ఒప్పందం గడువు పదకొండు నెలలు. భూమి హక్కు పోతుందన్న యజమాని భయం తీర్చడానికి పెట్టిన గడువు అది. అయితే మట్టిని బాగు చేయడానికి పదకొండు నెలలు ఏ మూలకూ చాలవు. తెలంగాణలో పెట్టుబడి సాయం పట్టాదారు ఖాతాలో పడుతుంది. కౌలుదారుకు మిగిలేది యూరియా వరుసలో చోటు.

పాడి ఎందుకు వదిలేశారని పల్లెలో ఎవరినడిగినా ముందు మేత మాటే చెబుతారు. ఒకప్పుడు పొద్దున్నే గట్ల మీద గడ్డి కోసుకొచ్చి గేదెకు వేసేవాళ్లు. ఇప్పుడు గట్టు మీద గడ్డి మందు కొడుతున్నారు, వారం తిరిగేసరికి గట్టంతా ఎండి పసుపు రంగుకు మారుతుంది. జొన్న తగ్గి చొప్ప కరువైంది. డెల్టాలో వరి కోయకముందే పిల్లిపెసర చల్లి, వేసవిలో పశువులను మేపి, మిగిలింది దున్నేసేవాళ్లు. ఆ తడిలోకి ఇప్పుడు దున్నకుండా వేసే మొక్కజొన్న వచ్చింది. మొక్కజొన్నకు మళ్లీ యూరియా. రాయలసీమలో వర్షం తప్పితే వేరుశనగ కాయ ఎలాగూ రాదు, కట్టె కూడా రాదు. దాంతో పశువును సంతకు తోలేస్తారు. అమ్మిన పశువును మళ్లీ కొనడం ఎంత కష్టమో అనంతపురం రైతును అడిగితే తెలుస్తుంది.

మేత లేదంటున్న రాష్ట్రాల్లో గడ్డి కాలుతోంది. వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే. నిజమే, అది బలమైన మేత కాదు. కానీ దాన్ని మెరుగుపరచడం ఇంట్లో చేయగలిగిన పని. నాలుగు కిలోల యూరియాను అరవై లీటర్ల నీళ్లలో కరిగించి, క్వింటా గడ్డి మీద పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా టార్పాలిన్ కప్పి మూడు వారాలు మాగబెడితే మాంసకృత్తులు రెట్టింపవుతాయి, గడ్డి మెత్తబడుతుంది. విప్పగానే ముక్కు పుటాలు అదిరే ఘాటు వస్తుంది. కాసేపు ఆరబెట్టి, ఆ ఘాటు పోయాక కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. లేగదూడలకు మాత్రం పెట్టకూడదు, వాటి కడుపు దాన్ని అరిగించుకోలేదు. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు, పశువైద్య కళాశాలలు దశాబ్దాలుగా చెబుతున్నదే. ఊళ్లో ఒకసారి చేసి చూపించేవాళ్లే కరువు.

కొట్టం ఖాళీ అయితే పోయేది పెంట ఒక్కటే కాదు. 2019లో జాతీయ నమూనా సర్వే లెక్క ప్రకారం దేశంలో సగటు రైతు కుటుంబ నెల ఆదాయం రూ.10,218. అందులో పంట మీద వచ్చింది రూ.3,798, పశువుల మీద వచ్చింది రూ.1,582. పంట డబ్బు ఏడాదికి రెండుసార్లు వస్తుంది, ఒక్కోసారి రాదు. పాల డబ్బు పదిహేను రోజులకోసారి వస్తుంది, అదీ చాలా ఇళ్లలో ఆడవాళ్ల చేతికి. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ రైతు కుటుంబానికి సగటు అప్పు రూ.2.45 లక్షలు, దేశంలోకెల్లా ఎక్కువ. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ తొంభై శాతానికి పైగా రైతు కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి. అలాంటి ఇంట్లో పదిహేను రోజులకోసారి వచ్చే ఆ చిన్న మొత్తం ఆగిపోతే వడ్డీ వ్యాపారి గడప తొక్కక తప్పదు.

పశువులు పూర్తిగా లేకుండా పోలేదు, ఒకచోటికి చేరాయి. హైదరాబాద్ చుట్టుపక్కల పదుల గేదెలున్న డెయిరీల్లో పేడ ఎక్కడ వేయాలో తెలియక కాలువల్లోకి వదులుతున్నవాళ్లు ఉన్నారు. కోళ్ల ఫారాల పెంట కొంత చేపల చెరువుల్లోకి పోతోంది. ఊరికి పెంట లేదు, పట్నం అంచున పెంట బెడద. ఇన్ని పశువులు ఇరుగ్గా ఒకచోట చేరితే జబ్బు కూడా వేగంగా పాకుతుంది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూతో కోళ్లను ఎలా పూడ్చాల్సి వచ్చిందో చూశాం.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనలేం. తెలంగాణ 2017లో 75 శాతం రాయితీతో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచింది. 2019 గణనలో కోటీ తొంభై లక్షల గొర్రెలతో దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. అయితే జీవాలను పంచినంత జోరుగా మేత భూములను కాపాడలేదు. ఎండాకాలం రైతులు డబ్బిచ్చి చేలల్లో మంద కట్టించుకునే పాత పద్ధతిని ఆ పథకంతో ముడిపెట్టే ఆలోచన ఎవరికీ రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సేద్యం కార్యక్రమానికి 2024లో అంతర్జాతీయ గుల్బెంకియన్ బహుమతి దక్కింది. ఆ సేద్యంలో వాడే ఘనజీవామృతానికి పేడ, మూత్రం కావాలి. ఆవు లేని ఇల్లు దాన్ని కొనుక్కోవాల్సి వస్తోంది. ఊళ్లోని రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకుడు, పశుసంవర్ధక సహాయకుడు ఒకే కప్పు కింద కూర్చుంటారు. ఒకరిది ఎకరాల లెక్క, మరొకరిది సూదుల లెక్క. గడ్డి ఎవరి లెక్కలోనూ లేదు.

అద్దెకు యంత్రాలిచ్చే కేంద్రాలకు కోత మిషన్ మీద రాయితీ ఇచ్చేటప్పుడు బేలర్‌ను దానితో జతచేయడం కష్టమైన పనేమీ కాదు. యూరియా మీద ఏటా పెట్టే రాయితీలో చిన్న వాటా తీసి పెంట తోలించినవాళ్లకు, పచ్చిరొట్ట వేసినవాళ్లకు ఇవ్వవచ్చు. కౌలు ఒప్పందం మూడేళ్లకు పెంచాలంటే రాజకీయంగా ధైర్యం కావాలి. యజమాని హక్కుకు భంగం రాదన్న హామీని చట్టంలో స్పష్టంగా రాస్తే అదీ సాధ్యమే. ఇవన్నీ కమిటీలు వేసి చర్చించేలోగా ఒక కారు గడిచిపోతుంది. కాబట్టి ముందు చేయదగ్గది చెబుతాం. నవంబరులో వానాకాలం కోతలకు కోత మిషన్లు పొలాల్లోకి దిగేలోపు ప్రతి జిల్లాలో వ్యవసాయశాఖ, పశుసంవర్ధకశాఖ కలిసి కూర్చోవాలి. ఏ మండలంలో ఎన్ని బేలర్లు ఉన్నాయి, ఏ ఊళ్లో గడ్డి మిగులుతుంది, ఏ ఊళ్లో పశువులు మేత లేక సంతకు పోతున్నాయి, మధ్యలో రవాణా కిరాయి ఎవరు భరిస్తారు అన్నది ఒకే కాగితం మీద రాసి, అక్టోబరు నెలాఖరులోగా కలెక్టరు ముందు పెట్టాలి.