పర్యావరణ ధ్రువపత్రం ఎవరికి అర్థం కావాలి?

విరుదునగరం జిల్లా ఆలంగుళం పేరు చెబితే మొదట గుర్తుకు వచ్చేది సిమెంటు. (తెన్‌కాశి వైపు మరొక ఆలంగుళం ఉన్నది. నేను చెబుతున్నది రాజపాళయం వైపుది.) 1970లో ప్రభుత్వ రంగంలో ఆరంభమైన అక్కడి కర్మాగారం, 1976లో ఏర్పడిన తమిళనాడు సిమెంట్స్ కార్పొరేషన్ చేతికి వచ్చింది. అంతకు ముందే, తెలుగు మాట్లాడే రాజుల కుటుంబానికి చెందిన పి.ఎ.సి. రామస్వామి రాజా స్థాపించిన మద్రాస్ సిమెంట్స్ 1960లలో విరుదునగరం దగ్గర ఉత్పత్తి మొదలుపెట్టింది. శివకాశి బాణసంచా, కోవిల్‌పట్టి అగ్గిపెట్టెలు, రాజపాళయం నూలుమిల్లులు సరేసరి. ఈ నల్లరేగడి నేలలో తెలుగువారు కేవలం ఇరుగుపొరుగువారు కారు. యజమానులలో మనవారున్నారు, కూలీలలో మనవారున్నారు, గనుల పక్కన బావులున్న రైతులలోనూ మనవారున్నారు.

కనుక కర్మాగారాల ద్వారం దగ్గర కనిపించే ‘ఐఎస్ఓ 14001’ అనే అక్షరాలు మనకు సంబంధం లేనివని అనుకోవడానికి వీలు లేదు. వాటి అర్థం తెలిసినవారు మనలో ఎందరున్నారు?

చాలామంది దానిని ‘ఈ కర్మాగారం కాలుష్యం చేయదు’ అనే హామీగా భావిస్తారు. అది పొరపాటు. 1996లో తొలిసారి వెలువడి, 2004లోను 2015లోను సవరణ పొంది, 2024లో వాతావరణ మార్పు ప్రస్తావనను కూడా చేర్చుకొన్న ఈ ప్రమాణం పొగగొట్టం నుంచి ఎంత ధూళి రావచ్చునో చెప్పదు. ఆ హద్దులు చట్టం నిర్ణయించేవి. 1974 నాటి జల చట్టం, 1981 నాటి వాయు చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతి తప్పనిసరి. ధ్రువపత్రం మాత్రం సంస్థ తనంత తానుగా కోరుకొనేది. అది చెప్పేది ఒక్కటే: తన పనుల వల్ల గాలికి, నీటికి, నేలకు కలిగే ప్రభావాలను ఈ సంస్థ గుర్తించింది, వర్తించే చట్టాలను తెలుసుకొన్నది, లక్ష్యాలు పెట్టుకొన్నది, తప్పు జరిగితే దిద్దుకొనే పద్ధతి ఏర్పరచుకొన్నది అని.

ఆ మాటను బయటివారు పరీక్షించాలి. జెనీవాలోని ఐఎస్ఓ ప్రమాణాన్ని రాస్తుందే తప్ప ఎవరికీ ధ్రువపత్రం ఇవ్వదు. ఆ పని చేసేవి వేరే ధ్రువీకరణ సంస్థలు. మన దేశంలో భారత నాణ్యతా మండలి కింద ఉన్న జాతీయ గుర్తింపు బోర్డు అటువంటి సంస్థల యోగ్యతను పరిశీలించి గుర్తింపునిస్తుంది. పరిశీలన రెండు దశలు. మొదటి దశలో పత్రాలు చూచి సంస్థ సిద్ధంగా ఉన్నదో లేదో తేలుస్తారు. రెండవ దశలో కర్మాగారంలో తిరిగి, పనివారిని అడిగి, రాసుకొన్నది జరుగుతున్నదా అని చూస్తారు. పత్రం మూడేళ్లు చెల్లుతుంది, ఏటేటా తనిఖీ ఉంటుంది. వ్యవస్థను కట్టిపెట్టే సలహాదారు, దానిని పరీక్షించే సంస్థ ఒకటే కారాదన్నది నియమం. అయినా పరీక్షించేవారికి రుసుము చెల్లించేది పరీక్షకు నిలిచిన కంపెనీయే. ఈ బలహీనతకు విరుగుడు నియమావళిలో కొంతే ఉన్నది. మిగిలినది కళ్లు తెరచుకొని ఉండే ఊరివారి చేతిలో ఉన్నది.

దూరం పోనవసరం లేదు. కోవిల్‌పట్టి ఉన్న తూత్తుకుడి జిల్లాలోనే స్టెరిలైట్ రాగి కర్మాగారం ఉన్నది. ఐఎస్ఓ 14001 ధ్రువపత్రం ఉన్నదని ఆ కంపెనీ తన నివేదికలలో చెప్పుకొన్నది. 2013 ఏప్రిల్ 2న సుప్రీంకోర్టు పర్యావరణానికి చేసిన హానికి గాను ఆ కంపెనీ 100 కోట్ల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. 2018 మే 22, 23 తేదీలలో కర్మాగారానికి వ్యతిరేకంగా సాగిన నిరసనలపై పోలీసుల కాల్పులలో 13 మంది చనిపోయారు. ఆ నెలలోనే మూతపడిన కర్మాగారాన్ని తిరిగి తెరవాలన్న అభ్యర్థనను 2024 ఫిబ్రవరి 29న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. దీన్నిబట్టి ధ్రువపత్రాలన్నీ బూటకమని నేను అనను. విశాఖ ఉక్కు కర్మాగారం వంటి పెద్ద సంస్థలు ఈ పద్ధతిని స్వీకరించడం మంచిదే, క్రమశిక్షణ లేని చోట క్రమశిక్షణను తెచ్చే శక్తి దీనికి ఉన్నది. అయితే గోడమీది చట్రానికి, గోడవతలి జనానికి మధ్య మాట నడవకపోతే ఆ క్రమశిక్షణ కాగితాల బీరువా దాటదు.

ఆ మాట ఏ భాషలో నడవాలి? ఇక్కడే మన ఉద్యమానికి పని ఉన్నది.

సంస్థ తన పర్యావరణ విధానాన్ని సిబ్బందికి తెలియజేయాలని, సంబంధం ఉన్నవారికి అందుబాటులో ఉంచాలని 2015 ప్రమాణం చెబుతున్నది. చెప్పేది వినేవారికి అర్థమయ్యేటట్లు ఉండాలని దాని అనుబంధ వివరణ కూడా అంటున్నది. భాష పేరు మాత్రం ఎక్కడా లేదు. మా బంధువు ఒకాయన పనిచేసే కర్మాగారంలో ఆ విధానాన్ని అందమైన ఇంగ్లీషులో అచ్చువేసి అద్దం బిగించారు. దాని కింద రోజూ చెప్పులు విడిచే పనివారిలో దానిని చదవగలిగినవారు ఇద్దరో ముగ్గురో. పరిశీలకుడు వచ్చే వారం ముందు నాలుగు వాక్యాలు అందరిచేత వల్లె వేయించారట. చిలుకకు కూడా అంతమాత్రం నేర్పవచ్చు.

తెలుగులో బోర్డు పెట్టమని అడిగితే చాలునా? చాలదని నా అభిప్రాయం. ఇది చెప్పడానికి మనసు ఒప్పదు గాని, ఇక్కడ ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలలో తెలుగు లిపి చదవగలిగినవారు తక్కువ. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌కు చెందిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు. దక్షిణానికి వలస వచ్చిన తెలుగువారి కథను ఆయన రాసింది తమిళంలోనే, 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందినదీ తమిళ రచయితగానే. కనుక రాతలో తమిళం అడగడం మనకు చిన్నతనం కాదు. మాటలో తెలుగు అడగడం అదనపు కోరిక కూడా కాదు. నీటిలో రంగు మారినదని, రాత్రివేళ ధూళి ఎక్కువైనదని ఇంటి ముసలమ్మ చెప్పేది తెలుగులోనే. ఆ మాట వినగలవాడు కర్మాగారం తరఫున ఒక్కడైనా ఉండాలి, దానిని ఫిర్యాదుల పుస్తకంలోకి ఎక్కించాలి.

ఇటువంటి కోరికలకు పూర్వరంగం ఉన్నది. పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా ప్రకటనను ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలోకి అనువదించాలని 2020 జూన్ 30న ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. కేంద్రం దానిపై సుప్రీంకోర్టుకు వెళ్లింది, అది వేరే కథ. యూనియన్‌లో గాని రాష్ట్రంలో గాని వాడే ఏ భాషలోనైనా అధికారికి విన్నపం పెట్టుకొనే హక్కును రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చింది. కాలుష్య నియంత్రణ మండలికి తెలుగులో రాసిన అర్జీని చెత్తబుట్టలో వేయడానికి వీలు లేదు. పని త్వరగా కావాలంటే తమిళ ప్రతిని జతచేయడం లౌక్యం.

ధ్రువపత్రం ఉన్న కర్మాగారం మీ ఊరి పక్కన ఉంటే ముందుగా ఆ పత్రం పరిధి ఏమిటో అడగండి. కొన్ని చోట్ల అది గనిని వదలి కర్మాగారానికే, లేదా ఒక విభాగానికే పరిమితమై ఉండవచ్చు. గడువు తేదీ చూడండి. పత్రంపై ధ్రువీకరణ సంస్థ పేరు ఉంటుంది. పత్రం నిజంగా చెల్లుబాటులో ఉన్నదా అని ఆ సంస్థను ఎవరైనా అడగవచ్చు. తాను ధ్రువీకరించిన కర్మాగారంపై వచ్చే ఫిర్యాదులను స్వీకరించి విచారించే పద్ధతి దానికి ఉండి తీరాలి. తేదీ, సమయం, గాలి వీచిన దిక్కు, బావి గుర్తు రాసి పంపిన నాలుగు వాక్యాల ఉత్తరం, తరువాతి ఏటి తనిఖీకి వచ్చే పరిశీలకుని బల్లమీదికి చేరగలదు. కర్మాగారానికి ఒక ప్రతి, మండలికి ఒక ప్రతి పంపి, అందినట్లు రసీదు దాచుకోండి.