అభ్యంతరం ఏ గుమ్మం తొక్కింది?

2025తో నైసియా మహాసభకు 1700 ఏళ్లు నిండాయి. క్రీ.శ. 325లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ నేటి టర్కీలోని ఆ ఊరికి బిషప్పులను పిలిపించి, క్రీస్తు దైవత్వంపై రగులుతున్న తగవు తేల్చమన్నాడు. ఆ సభ పేరెత్తితే చాలు, చదువుకున్నవాళ్ల నోట కూడా ఒక మాట వస్తుంది: బైబిల్లో ఏ పుస్తకాలు ఉండాలో అక్కడే ఓట్లేసి నిర్ణయించారట. ఇది వట్టిమాట. ఆ సభ చేసిన 20 కట్టుబాట్లు మనకు దక్కాయి. మతగురువులు వడ్డీకి డబ్బు తిప్పకూడదని ఒకటి, ఆదివారం మోకరించకుండా నిలబడి ప్రార్థించాలని మరొకటి. పుస్తకాల జాబితా ఊసే లేదు. కొత్త నిబంధనలో ఇప్పుడున్న 27 పుస్తకాలనే, ఎక్కువా తక్కువా లేకుండా, చెప్పిన తొలి జాబితా 367 నాటిది. అలెగ్జాండ్రియా బిషప్పు అథనేసియస్ తన ఈస్టర్ లేఖలో దాన్ని రాశాడు.

ఈ వట్టిమాటను ఊరూరా తిప్పింది 2003లో వచ్చిన డాన్ బ్రౌన్ నవల 'ది డావిన్సీ కోడ్'. 2006లో అది సినిమాగా వచ్చినప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మత సంఘాల అభ్యంతరాలు విని, సెన్సారు సర్టిఫికెట్ ఉన్న సినిమాను రాష్ట్రంలో ఆడనివ్వబోమంది. కొద్ది వారాల్లోనే హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. విచిత్రమేమంటే, నైసియా గురించి ఆ నవల చెప్పింది తప్పన్న విశ్వాసులదే ఒప్పు. లౌకిక చరిత్రకారులూ ఆ మాటే అంటారు. దేవుడి విషయంలో తాను ఏదీ తేల్చి చెప్పలేనని బాహాటంగా చెప్పుకునే బార్ట్ ఎర్మన్, ఆ నవలలోని చారిత్రక పొరపాట్లపై 2004లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. అంత గట్టి వాదన చేతిలో ఉండి కూడా సచివాలయం మెట్లెక్కడంతో, 325లో ఏం జరిగిందన్న సంగతి పక్కకు పోయి, నిషేధం సబబా కాదా అన్నదే చర్చగా మిగిలింది.

తొలి క్రైస్తవ చరిత్రను లౌకిక దృష్టితో రాసినప్పుడల్లా విశ్వాసులు అభ్యంతరం చెప్పడం రెండున్నర శతాబ్దాలుగా సాగుతున్న కథ. ఆ అభ్యంతరాలన్నీ ఛాందసమని కొట్టిపారేసేవాళ్లు ఆ కథ పూర్తిగా చదవనట్టే. అభ్యంతరం మూలగ్రంథాల దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ చరిత్ర రచన బాగుపడింది. కొన్నిసార్లు విశ్వాసే నెగ్గాడు. అధికారం దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రం అప్పటికి గెలిచినట్టే ఉండి, తర్వాత చేతులు కాలాయి.

మొదట చెప్పుకోవాల్సింది ఎడ్వర్డ్ గిబ్బన్ గురించి. రోమన్ సామ్రాజ్య పతనంపై ఆయన రాసిన మహాగ్రంథం మొదటి సంపుటం 1776 ఫిబ్రవరిలో లండన్‌లో వెలువడింది. 15, 16 అధ్యాయాలే చిచ్చుపెట్టాయి. క్రైస్తవం ఎందుకు వ్యాపించిందంటే, మొదటి కారణం దైవసంకల్పమేనని వినయంగా తలవంచి, ఆ వెంటనే 'ద్వితీయ కారణాలు' చూద్దామంటూ అయిదు ఏకరువు పెట్టాడు: పట్టువదలని ఉత్సాహం, పరలోకంపై నమ్మకం, అద్భుతాలు చేస్తారన్న పేరు, కఠినమైన నీతినియమాలు, సంఘంలోని కట్టుదిట్టం. చదివేవాడికి దైవసంకల్పం కోసం ఇక చోటు మిగలదు. గిబ్బన్ ఎక్కడా కాదనడు. కనుబొమ్మ ఎగరేస్తాడంతే. క్రీస్తు సిలువ మీద ఉన్నప్పుడు మూడు గంటలు చీకటి కమ్మిందంటారే, ప్రకృతి వింతలన్నీ పోగేసి రాసిన సెనెకా, పెద్ద ప్లినీ దాన్ని ఎందుకు గమనించలేదో అని ఆశ్చర్యం నటిస్తాడు.

హతసాక్షుల లెక్క కూడా అంతే. డయోక్లీషియన్ హయాంలో మొదలైన మహాహింసలో పాలస్తీనాలో 92 మంది మరణశిక్ష పొందినట్టు చర్చి చరిత్రకారుడు యుసేబియస్ రాతల నుంచి తీసి, పాలస్తీనా తూర్పు సామ్రాజ్యంలో పదహారో వంతు అనుకుని గుణించి, పడమటి భాగాన్నీ కలిపి, మొత్తం 2,000కు కాస్త తక్కువేనని తేల్చాడు. ఇన్ని శతాబ్దాలుగా వేలకువేలని వింటూ వచ్చిన భక్తులకు ఇది చెంపపెట్టు. ఎత్తిపొడవడానికి వాళ్లకు సందూ దొరికింది: ఒక ప్రాంతపు లెక్కను సామ్రాజ్యమంతటికీ సాగదీయవచ్చా? మంచి ప్రశ్నే. తర్వాతి కాలంలో ఈ లెక్కను మళ్లీ తిరగేసిన డబ్ల్యూ.హెచ్.సి. ఫ్రెండ్ 3,000 నుంచి 3,500 వరకు అన్నాడు. ఆయన చరిత్రకారుడే కాదు, ఆంగ్లికన్ చర్చిలో గురుపట్టం కూడా తీసుకున్నవాడు. అంటే గిబ్బన్ తక్కువ చెప్పాడు గానీ, మరీ గాలిలో మేడలు కట్టలేదు.

అప్పట్లో జవాబిచ్చినవాళ్లలో ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడాలి. రిచర్డ్ వాట్సన్ కేంబ్రిడ్జిలో వేదాంత ఆచార్యుడు. 1776లోనే మర్యాదగా, నింపాదిగా ఒక జవాబు రాశాడు. గిబ్బన్ చెప్పిన అయిదు కారణాలూ అంత పెద్ద ఫలితానికి చాలవన్నది ఆయన వాదన. ఇద్దరి మధ్యా సౌమ్యంగానే ఉత్తరాలు నడిచాయి. రెండోవాడు హెన్రీ డేవిస్, ఆక్స్‌ఫర్డ్ కుర్రాడు. 1778లో గిబ్బన్ అధోజ్ఞాపికలను ఒక్కొక్కటే పట్టి చూసి, తప్పుడు ఉదాహరింపులు, గ్రంథచౌర్యం అంటూ ఆరోపించాడు. అప్పటిదాకా విమర్శకులను పట్టించుకోని గిబ్బన్, తన నిజాయితీనే శంకించేసరికి 1779లో కలం పట్టాడు. డేవిస్ ఆరోపణలు చాలావరకు నిలవలేదు. అయినా ఆ కుర్రాడు చేసిన పని చిన్నది కాదు. అంతటి పండితుణ్ని తన ఆధారాలు బల్లమీద పెట్టక తప్పని స్థితికి తెచ్చాడు. వాట్సన్ ప్రశ్న మాత్రం ఈనాటికీ చెల్లుతుంది. 1996లో సమాజశాస్త్రవేత్త రాడ్నీ స్టార్క్, క్రీ.శ. 40లో వెయ్యిమందితో మొదలై పదేళ్లకు 40 శాతం చొప్పున పెరిగినా మూడు శతాబ్దాల్లో క్రైస్తవులు కోట్ల సంఖ్యకు చేరతారని లెక్క వేసి చూపడం వెనక ఉన్నదీ అదే ప్రశ్న.

విశ్వాసి నెగ్గిన సందర్భం పందొమ్మిదో శతాబ్దంలో ఉంది. జర్మనీలోని ట్యూబింగెన్‌లో ఎఫ్.సి. బౌర్, ఆయన శిష్యులు తొలి సంఘమంటే పేతురు వర్గానికీ పౌలు వర్గానికీ మధ్య పోరాటమని, అపొస్తలుల కార్యములు ఆ పగను కప్పిపుచ్చుతూ రెండో శతాబ్దంలో రాసుకున్న రాజీపత్రమని వాదించారు. పౌలు పేరుతో ఉన్న పత్రికల్లో నాలుగే నికార్సయినవన్నారు. ఇంగ్లండులో దీనికి ఎదురొడ్డినవాడు జె.బి. లైట్‌ఫుట్, తర్వాత డరమ్ బిషప్పు అయ్యాడు. ప్రసంగపీఠం ఎక్కి శాపనార్థాలు పెట్టలేదు. అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్‌ను మృగాలకు వేయడానికి రోముకు తీసుకెళ్తుండగా దారిలో ఆయన రాసిన లేఖలను ముందేసుకుని కూర్చున్నాడు. ఆ లేఖలు మూడు రూపాల్లో ఉన్నాయి: 13 లేఖల పెద్ద సంకలనం, ఏడు లేఖలది, సిరియాక్‌లో దొరికిన మూడు లేఖలది. ఏది అసలు? గ్రీకు, లాటిన్, సిరియాక్, ఆర్మేనియన్ ప్రతులు పోల్చి, ఏడు లేఖలదే అసలని, అవి రెండో శతాబ్దపు తొలినాళ్లవని 1885లో తేల్చాడు. బెర్లిన్ పండితుడు హార్నాక్ కూడా అవి నికార్సయినవేనని ఒప్పుకున్నాడు. ఆ లేఖల్లో సంఘానికి ఒక్కడే బిషప్పు, కింద పెద్దలు, పరిచారకులు అప్పటికే కుదురుకుని కనిపిస్తారు. ఇదంతా ఎంతో ఆలస్యంగా ఏర్పడిందన్న ట్యూబింగెన్ కాలక్రమం అక్కడే కుంగింది.

ఇదే శతాబ్దంలో అధికారం దగ్గరికి వెళ్లే రెండో దారీ కనిపిస్తుంది. 27 ఏళ్ల డేవిడ్ స్ట్రాస్ 1835లో యేసు జీవితంపై పుస్తకం వేసి, సువార్తల్లోని అద్భుతాలను తొలి భక్తుల ఊహల్లో పెరిగిన పురాణాలన్నాడు. 1839లో జ్యూరిక్ ప్రభుత్వం ఆయనకు వేదాంత ఆచార్య పదవి ఇచ్చింది. జనం భగ్గుమన్నారు. ప్రభుత్వం వెనక్కి తగ్గి, ఒక్క పాఠమైనా చెప్పకముందే ఏడాదికి 1,000 ఫ్రాంకుల పింఛనుతో ఆయన్ను సాగనంపింది. అయినా కోపం చల్లారలేదు. సెప్టెంబరులో ఒక పాదిరి నడుపుతుండగా పల్లెజనం నగరం మీదికి వచ్చారు, రక్తం చిందింది, ప్రభుత్వం కూలింది. స్ట్రాస్ వాదనలో ఒక్క వాక్యం కూడా దీనితో చెదరలేదు. 1846 నాటికి ఆ పుస్తకం ఇంగ్లిషులోకి వచ్చేసింది. అనువదించింది తర్వాత జార్జ్ ఎలియట్‌గా పేరుపడ్డ నవలాకారిణి.

రోము చేసింది ఇంకా చిత్రం. ఆల్ఫ్రెడ్ లువాజీ కాథలిక్ గురువు. 1902లో ఆయన రాసిన చిన్న పుస్తకం నిజానికి ప్రొటెస్టంటు పండితుడు హార్నాక్‌కు జవాబు, చర్చి తరఫు వకాల్తా. కాకపోతే సువార్తలు, చర్చి కూడా కాలంతో పాటు రూపుదిద్దుకున్నవేనన్నాడు. దాన్ని నిషిద్ధ గ్రంథాల్లో చేర్చారు. 1907లో పదో పయస్ పోపుగా ఉండగా 65 ప్రతిపాదనలను ఖండిస్తూ ఒక ఉత్తర్వు, ఇలాంటి ధోరణికి ఆధునికవాదమని పేరుపెట్టి దానిపై ఒక లేఖ వెలువడ్డాయి. 1908లో లువాజీని వెలివేశారు. 1910 నుంచి గురువులంతా ఆధునికవాద వ్యతిరేక ప్రమాణం చేయాల్సి వచ్చింది. 1967 దాకా అది ఉంది. మధ్యలో 1943లో పన్నెండో పయస్, బైబిలు పండితులు ప్రాచీన రచనా రీతులను పరిశీలించి తీరాలని లేఖ రాశాడు. శత్రువుకు జవాబు చెప్పగలిగినవాణ్ని ఇంట్లోంచి వెళ్లగొట్టి, 35 ఏళ్లకు అతని పనిముట్లను తిరిగి తెచ్చుకున్నారన్నమాట.

విశ్వాసుల అభ్యంతరాల్లో అన్నిటికన్నా లోతైనది ఈ కాలనిర్ణయాలకూ లెక్కలకూ అందదు. 'మీరు అద్భుతం జరగదని ముందే తీర్మానించుకుని చరిత్ర రాస్తారు, ఆ తర్వాత చరిత్రలో అద్భుతం కనబడలేదంటారు' అన్నది ఆ అభ్యంతరం. బ్రిటిష్ బిషప్పు ఎన్.టి. రైట్ 2003లో పునరుత్థానంపై 800 పేజీలు రాసింది దీన్ని నిలబెట్టడానికే. ఇందులో పస ఉంది. దైవాన్ని కారణంగా చూపకూడదన్నది చరిత్రకారుడి పని నియమం, తవ్వకాల్లో బయటపడ్డ సత్యం కాదు. అందుకే, శిష్యులు యేసును తిరిగి చూశామని నమ్మారు అనేంతవరకే చరిత్రకారుడికి చెల్లుతుంది. అదంతా మనోభ్రాంతేనని తేల్చేశాడంటే, చూడని రోగికి మందు రాసినట్టే.

అయితే విశ్వాసి కూడా ఒక జవాబు బాకీ ఉన్నాడు. వెస్పేషియన్ చక్రవర్తి అలెగ్జాండ్రియాలో ఒక గుడ్డివాడికి ఉమ్మితో చూపు తెప్పించాడని, చచ్చుబడ్డ చేతిని బాగుచేశాడని టాసిటస్ రాశాడు. కళ్లారా చూసినవాళ్లు ఇంకా ఆ మాట చెబుతున్నారని కూడా అన్నాడు. చరిత్రకారులు దాన్ని రాజకీయ ప్రచారంగానే చదువుతారు. ఏ చర్చిలోనూ దీనిపై అభ్యంతరం వినిపించదు. నియమం వెస్పేషియన్‌కు వర్తిస్తే యేసుకు ఎందుకు వర్తించదో చెప్పాలంటే విశ్వాసం దగ్గరికే వెళ్లాలి. అక్కడికి వెళ్లడం నేరమేమీ కాదు. వెళ్లామని ఒప్పుకోవాలంతే.

ఒకే కాగితం ఇద్దరికీ ఎలా పనికొస్తుందో ప్లినీ ఉత్తరంలో చూడొచ్చు. ఈయన చిన్న ప్లినీ. సుమారు 112లో, నేటి టర్కీ ఉత్తర తీరంలోని బిథీనియా-పాంటస్‌కు గవర్నరుగా ఉండి ట్రేజన్ చక్రవర్తికి రాశాడు. క్రైస్తవుడివేనా అని మూడుసార్లు అడుగుతున్నాను, మొండికేస్తే శిక్ష వేయిస్తున్నాను అంటాడు. ఒక నియమిత దినాన తెల్లవారకముందే కలుసుకుని, క్రీస్తును దేవుడిలా స్తుతిస్తూ పాడుకుంటారట. నిజం రాబట్టడానికి సంఘంలో పరిచారికలుగా ఉన్న ఇద్దరు బానిస స్త్రీలను చిత్రహింస పెట్టించాడు. వాళ్ల పేర్లు కూడా రాయలేదు. వెతికి పట్టుకోవద్దని, ఆకాశరామన్న ఫిర్యాదులు తీసుకోవద్దని ట్రేజన్ జవాబిచ్చాడు. హింస ఎడతెగకుండా సాగిందన్నది చర్చి అల్లిన కథని 2013లో కాండిడా మాస్ రాసినప్పుడు, ఇలాంటి జవాబులే ఆమెకు ఆసరా. ఆమెను విమర్శించినవాళ్లు అదే ఉత్తరం తీసి, క్రీస్తును దేవుడిగా కొలవడం నైసియాకు 200 ఏళ్ల ముందే ఉందని, ఆ పేరు ఒప్పుకున్నందుకే మనుషుల్ని చంపారని చూపుతారు. రెండూ ఆ ఉత్తరంలో ఉన్నాయి. చక్రవర్తి విధానం గురించి అడిగితే మాస్ వాదన బలమైనది. ఆ ఇద్దరు స్త్రీల వైపు నుంచి అడిగితే, హింస సామ్రాజ్యమంతటా జరిగిందా లేదా అన్నది వాళ్లకు ఒరిగించేదేమీ లేదు.

ఈమధ్యకాలంలో ఇరుపక్షాలకూ పరీక్ష పెట్టింది నకిలీ ప్రతులు. యేసు 'నా భార్య' అన్నట్టున్న ఒక కాప్టిక్ పపైరస్ ముక్కను 2012లో హార్వర్డ్ ఆచార్యురాలు కరెన్ కింగ్ రోములో ప్రకటించింది. వాటికన్ పత్రిక నకిలీ అంది. అనదా మరి, అనుకున్నారు చాలామంది. కానీ 2014లో ఇవాంజెలికల్ వర్గానికి చెందిన పండితుడు క్రిస్టియన్ ఆస్క్‌లాండ్, దానితో పాటే వచ్చిన యోహాను సువార్త ముక్కను పట్టి చూశాడు. 1924లో అచ్చయిన ఒక కాప్టిక్ ప్రతిలో ఒక వరుస విడిచి ఒక వరుస దించినట్టు తేలింది. వరుసలు విరిగిన చోట్లు కూడా అవే. 2016లో ఒక పాత్రికేయుడు ఆ ముక్క యజమాని గుట్టు విప్పాక, అది నకిలీయే కావచ్చని కింగ్ ఒప్పుకుంది.

మరి తమ ఇంటి సరుకు సంగతి? మార్కు సువార్త ముక్క ఒకటి మొదటి శతాబ్దానిదే దొరికిందని 2012లో ఒక ఇవాంజెలికల్ పండితుడు చర్చావేదిక మీద ప్రకటించాడు. 2018లో అచ్చయ్యేసరికి అది రెండో శతాబ్దం చివరిదో మూడో శతాబ్దం మొదటిదో అని తేలింది. వాషింగ్టన్‌లో ఇవాంజెలికల్ వ్యాపార కుటుంబం గ్రీన్లు నెలకొల్పిన బైబిలు మ్యూజియం, తన దగ్గరున్న 16 మృతసముద్ర ప్రతుల ముక్కలను బయటి నిపుణులకు ఇచ్చి పరీక్ష చేయించింది. పదహారూ నకిలీవే. పాత తోలు ముక్కల మీద ఈ కాలంలో రాసినవి. 200 పేజీలు దాటిన ఆ నివేదికను 2020 మార్చిలో మ్యూజియమే బయటపెట్టింది.