ఎలక్ట్రానుల లెక్క: మా మనవి

రసాయనశాస్త్ర పరీక్షలలో నొక ప్రశ్న కానవచ్చుచుండును: "సోడియము అయానునందు సంయోజక ఎలక్ట్రానులెన్ని?" ఒక విద్యార్థి "ఏమియు లేవు" అని వ్రాయును, మఱియొకడు "ఎనిమిది" యని వ్రాయును. జవాబుల పట్టికలో నున్నదానిని బట్టి యొకనికి పూర్తి మార్కులును, రెండవవానికి సున్నయు లభించును. ఇది న్యాయము కాదని మా యభిప్రాయము.

లెక్క చూతము. సోడియము పరమాణు సంఖ్య 11. అందలి ఎలక్ట్రానులు 2, 8, 1 చొప్పున మూడు కక్ష్యలలో నమరియుండును. వెలుపలి యొక్కటియే సంయోజక ఎలక్ట్రాను. అది తొలగగా నయానునందు 2, 8 మాత్రమే మిగులును. మూడవ కక్ష్యను జూచినవానికి "లేవు" అనుట సరియే. ఇపుడు వెలుపల నిలిచిన రెండవ కక్ష్యను లెక్కించినవానికి "ఎనిమిది" యనుటయు సరియే. అయితే యా యెనిమిదియు కేంద్రకముచే గట్టిగా బట్టువడి, సాధారణ రసాయన చర్యలలో పాల్గొనవు. దేనిని లెక్కింపవలయునో ప్రశ్న తెలుపకున్నచో నది విద్యార్థి దోషము కాదు.

ఒక్క ఎలక్ట్రాను కింత వాదమేల యని కొందఱనవచ్చును. సోడియము నీటిని దాకినంతనే బుసకొట్టుచు బరుగులిడు లోహము. క్లోరిను 1915లో ఈప్ర్ యుద్ధరంగమున సైనికుల ప్రాణములు గొన్న విషవాయువు. దాని యమరిక 2, 8, 7. సోడియము విడిచిన యొక్క ఎలక్ట్రానును క్లోరిను గ్రహింపగా, నా రెండును మనము నిత్యము భుజించు నుప్పగుచున్నవి!

కంఠపాఠమునకు లొంగనిది యినుము. దాని పరమాణు సంఖ్య 26. అమరిక 2, 8, 14, 2. ఎలక్ట్రానులను నింపు క్రమమున దుదకు జేరినవి మూడవ కక్ష్యలోనివి గావున, నవియే ముందు పోవునని వల్లించినవాడు తలచును. కాని ముందుగా బోవునవి నాలుగవ కక్ష్యలోని రెండు; అపుడు 2, 8, 14 మిగులును. మూడవది పోయినచో 2, 8, 13. మన రక్తమునందలి హీమోగ్లోబినులో నినుము మొదటి స్థితియందున్నపుడే ప్రాణవాయువును మోయగలదు. రెండవ స్థితికి మాఱినచో మోయజాలదు. ఒక్క యంకె తేడాయే!

1916లో అమెరికా శాస్త్రజ్ఞుడు గిల్బర్టు న్యూటను లూయిసు మూలకముల సంకేతముల చుట్టు జుక్కలుంచి యీ లెక్కను కంటికి గనబడునట్లు చేసెను. ఆ చుక్కలు ఆలోచనకు సాధనములే కాని వల్లెవేయుటకు మంత్రములు కావు.

కావున నుపాధ్యాయ మహాశయులకు మా మనవి: అంకెతో బాటు కారణమునుగూడ నడుగుడు; కారణమునకు మార్కు లిండు. విద్యార్థులారా! ముందు పరమాణు సంఖ్య వ్రాయుడు. ధనావేశమైనచో దీసివేయుడు, ఋణావేశమైనచో గలుపుడు. పిమ్మట నే కక్ష్యను లెక్కించితిరో తెలుపుడు. తల్లిదండ్రులారా! "ఎన్ని మార్కులు?" అని యడుగుటకు ముందు "ఎట్లు వచ్చినది?" అని యడుగుడు. కారణము చెప్పగల బాలుడు తప్పినను దిద్దుకొనగలడు. కారణ మెఱుగనివాడు ఒప్పినను నేర్చినవాడు కాడు.