ఎడమకాలితో ఆడినవాళ్లంతా మారడోనాలు కారు

రైతు మిత్రులారా, ఈసారి పంట సంగతి కాదు, బంతి సంగతి. పత్తి రేటు వదిలేసి ఫుట్‌బాల్ ఏంటి అని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి గానీ, చివరిదాకా చదవండి. 2022 డిసెంబర్‌లో అర్జెంటీనా, ఫ్రాన్స్ ఫైనల్‌ని రాత్రి ఫోన్లో చూసినవాళ్లు మనలోనే చాలామంది ఉన్నారు. అప్పట్నుంచి ఫోన్ తెరిస్తే చాలు, వారానికో "కొత్త మెస్సీ" వీడియో వస్తోంది. కుర్రాడు పొట్టిగా ఉంటే చాలు, ఎడమకాలితో ఆడితే చాలు, వీపు మీద 10 నంబరు ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

నా మాట ముందే చెప్పేస్తా. ఇద్దరు ఆటగాళ్లు చూడ్డానికి ఒకేలా ఉన్నారని వాళ్ల ఆట ఒకటైపోదు. పైపై పోలిక చూసేవాణ్ణి మోసం చేస్తుంది. ఆడేవాణ్ణి అయితే దెబ్బే తీస్తుంది.

ఇది మనకి తెలియని విషయమా? వరి మడిలో ఊద మొలిస్తే దూరం నుంచి ఎవరు గుర్తుపడతారు? అదే పచ్చదనం, అదే ఆకు. వంగి, ఆకు కాడని పట్టుకునే చోట చూస్తేనే తెలుస్తుంది. వరికి అక్కడ చిన్న పొరలాంటిది ఉంటుంది, ఊదకి ఉండదు. గట్టు మీద నిలబడి "బాగుంది పైరు" అన్నవాడికీ, మడిలోకి దిగి వంగి చూసినవాడికీ తేడా అదే. ఫుట్‌బాల్ గురించి మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది గట్టు మీదవాళ్లే.

అర్జెంటీనా సంగతే చూడండి. 1986లో మారడోనా ప్రపంచకప్ గెలిపించాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు ఆ దేశంలో బాగా ఆడే ప్రతి కుర్రాడికీ "కొత్త మారడోనా" అని పేరు పెట్టారు. ఒర్తెగా, రికెల్మే, ఐమార్, సావియోలా, డి'అలెస్సాండ్రో... వరుస పెద్దదే. ఇందులో రికెల్మేని చూడండి. మారడోనా పొట్టి, ఎడమకాలి ఆటగాడు, బంతితో నలుగురిని దాటుకుంటూ పరిగెత్తేవాడు. రికెల్మే దాదాపు ఆరడుగుల మనిషి, కుడికాలి ఆటగాడు. పరుగు తక్కువ. నిదానంగా నిలబడి, తల ఎత్తి చూసి, ఎవరూ ఊహించని చోటికి పాస్ ఇచ్చేవాడు. మరి ఆ పేరు ఎందుకొచ్చింది? ఇద్దరూ చిన్నప్పుడు అర్జెంటీనోస్ జూనియర్స్‌లో నేర్చుకుని బోకా జూనియర్స్‌కి వచ్చినవాళ్లే. ఇద్దరిదీ 10 నంబరు చొక్కా. అంతే! సంచి మీద బొమ్మ చూసి లోపలి విత్తనం ఇదేనని చెప్పినట్టుంది.

"మరి మెస్సీ సంగతేంటి, ఆ పోలిక నిజమే కదా" అంటారు. అవును, మెస్సీ పొట్టి, ఎడమకాలివాడు, 10 నంబరు. 2007 ఏప్రిల్‌లో గెటాఫే మీద సగం మైదానం నుంచి ఒక్కడే బంతి తీసుకెళ్లి గోల్ కొట్టాడు. 1986లో ఇంగ్లండ్ మీద మారడోనా కొట్టిన గోల్‌కి అచ్చం జిరాక్స్ కాపీలా ఉంది అది. అదే ఏడాది జూన్‌లో ఎస్పాన్యోల్ మీద చేత్తో కూడా గోల్ వేశాడు. చేతి గోల్‌తో సహా అన్నీ కలిశాయి!

అయినా ఇద్దరి పని వేరు. మారడోనా 1984లో నాపోలీకి వెళ్లాడు. ఆ క్లబ్ అప్పటిదాకా ఒక్కసారి కూడా ఇటలీ లీగ్ గెలవలేదు. 1987లో ఒకసారి, 1990లో ఇంకోసారి గెలిపించాడు. మెస్సీ పెరిగింది బార్సిలోనాలో. చుట్టూ షావి, ఇనియెస్టా లాంటివాళ్లు. 2009లో కోచ్ గార్డియోలా అతన్ని ముందు వరుస మధ్యలో పెట్టి, అక్కణ్ణుంచి వెనక్కి దిగి బంతి తీసుకోమన్నాడు. డిఫెండర్లకి అతని వెంట రావాలో, ఉన్నచోటే ఉండాలో అర్థం కాలేదు. ఒకతను బీడు భూమిని సాగులోకి తెచ్చినవాడు. ఇంకొకతను కాలవ కింద భూమిలో ఎవరూ తీయని దిగుబడి తీసినవాడు. ఇద్దరూ గొప్పవాళ్లే. కానీ "అతనే ఇతను" అనేస్తే ఇద్దరూ ఏం చేశారో మనకి తెలియకుండానే పోతుంది.

అంకెలు తెచ్చి వాదించేవాళ్లు ఇంకో రకం. 2011-12లో మెస్సీ స్పెయిన్ లీగ్‌లో 50 గోల్స్ కొట్టాడు. 1987-88లో మారడోనా ఇటలీ లీగ్‌లో కొట్టింది 15. పక్కపక్కన పెడితే మారడోనా చిన్నగా కనిపిస్తాడు. కానీ ఆ 15తోనే ఆ ఏడాది ఇటలీలో అందరికంటే పైన నిలిచాడు! అప్పుడు అక్కడ ఒక్కో జట్టుకి 30 మ్యాచ్‌లే, స్పెయిన్‌లో ఇప్పుడు 38. సొంత ఆటగాడు కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టుకోకూడదన్న రూలు 1992లో వచ్చింది, అప్పుడు లేదు. వెనక నుంచి కాళ్లు కొట్టినా రిఫరీలు చూసీచూడనట్టు వదిలేసిన రోజులవి. 1983లో అలాంటి దెబ్బకే మారడోనా చీలమండ విరిగింది. వర్షాధారం ఎకరాన్నీ బోరు కింద ఎకరాన్నీ బస్తాల లెక్కతో పోల్చి రైతుని తిట్టడం ఎంత న్యాయమో, ఇదీ అంతే.

మన సునీల్ ఛెత్రి విషయంలోనూ ఇదే జరిగింది. 2021 జూన్‌లో బంగ్లాదేశ్ మీద రెండు గోల్స్ కొట్టి దేశం తరఫున 74కి చేరాడు. అప్పటికి మెస్సీవి 72. "మెస్సీని దాటేశాడు" అని ఊదరగొట్టారు. ఛెత్రి గొప్పతనం అది కాదండీ. క్రికెట్ తప్ప ఇంకేదీ పట్టని దేశంలో, బలహీనమైన జట్టుని అన్నేళ్లు భుజాన మోయడం ఆయన గొప్పతనం. మెస్సీ పక్కన పెట్టగానే ఆ మాట అడుగున పడిపోయింది.

అన్నిటికంటే చెడ్డది ఒంటి రంగు చూసి చేసే పోలిక. నల్లజాతి ఆటగాడు ఎవరు వచ్చినా "బలం, వేగం" అంటారు. తెల్లవాడైతే "బుర్ర, చూపు" అంటారు. ఇంగ్లండ్, స్పెయిన్, ఇటలీ, ఫ్రాన్స్ లీగుల్లోని 80 మ్యాచ్‌ల కామెంటరీని 2020లో లెక్కగట్టి చూస్తే తేలింది కూడా అదే. తెలివిని మెచ్చుకున్న మాటలు ఎక్కువగా లేతరంగు వాళ్లకి, ఒంటి బలం గురించిన మాటలు ఎక్కువగా ముదురు రంగు వాళ్లకి పోయాయి. ఆటలో తెలివిగా ఎక్కడ నిలబడ్డాడో చూడకుండా, రంగు చూసి మాట్లాడితే వచ్చేది ఇదే.

ఇక దెబ్బ తిన్నవాళ్ల సంగతి. ఘనాలో పుట్టి అమెరికాలో పెరిగిన ఫ్రెడ్డీ అడు 2004లో 14 ఏళ్లకే అక్కడి లీగ్‌లో దిగాడు. "కొత్త పీలే" అన్నారు. పీలేతో కలిపి ప్రకటనలో కూడా చూపించారు. చిన్న వయసు, ఒంటి రంగు తప్ప ఏం కలిసింది ఇద్దరికీ? తర్వాత పోర్చుగల్, ఫ్రాన్స్, గ్రీస్, టర్కీ, బ్రెజిల్, సెర్బియా, ఫిన్లాండ్... క్లబ్ తర్వాత క్లబ్ మారుతూ పోయాడు.

స్పెయిన్ కుర్రాడు బోయాన్ క్రికిచ్ 2007లో 17 ఏళ్లకి బార్సిలోనా తరఫున ఆడాడు. ఆ క్లబ్‌లో చిన్న వయసు రికార్డుల్లో మెస్సీని దాటాడు. ఇంకేముంది, "కొత్త మెస్సీ". 2008 ఫిబ్రవరిలో స్పెయిన్ జట్టు తరఫున మొదటి మ్యాచ్ ఆడాల్సి ఉండగా, ఆందోళనతో తల తిరిగి నిలబడలేకపోయాడు. బయటికి మాత్రం కడుపులో బాగోలేదని చెప్పారు. అసలు సంగతి పదేళ్ల తర్వాత 2018లో అతనే చెప్పుకున్నాడు. 2023లో 32 ఏళ్లకి ఆట మానేశాడు. యూరప్‌లో పెద్ద క్లబ్బుల్లో అన్నేళ్లు ఆడటం మామూలు విషయమా? అయినా అతన్ని ఓడిపోయినవాడిలాగే తలుచుకుంటారు. తప్పు పంటది కాదు, కొలిచిన కుంచానిది.

మన హైదరాబాద్ మనిషి మహమ్మద్ హబీబ్‌ని "భారత పీలే" అనేవారు. 1977లో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టాడు. మ్యాచ్ 2-2తో డ్రా అయింది. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నాడు. కలకత్తా మూడు పెద్ద క్లబ్బులకీ ఆడాడు. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే చనిపోయాడు. మన పిల్లల్లో ఎంతమందికి ఆ పేరు తెలుసు? పీలే పేరు మాత్రం అందరికీ తెలుసు. అరువు పేరు తగిలిస్తే జరిగేది ఇదే. సొంత పేరు మరుగున పడుతుంది.

అసలు పోలికే వద్దంటున్నావా అని అడగొచ్చు. వద్దనడం లేదు. పోల్చండి, కానీ పని చూసి పోల్చండి. బంతి ఎక్కడ అందుకుంటున్నాడు? అందుకున్నాక ఏం చేస్తున్నాడు? కాళ్ల దగ్గర బంతి లేనప్పుడు ఎటు కదులుతున్నాడు? పక్కన ఎవరున్నారు, ఎదురుగా ఎవరున్నారు? ఈ నాలుగూ చూస్తే ఎత్తు, జుట్టు, చొక్కా నంబరు గుర్తుకే రావు.

ఇదంతా ఎందుకు రాశానంటే, మన బడి మైదానాల్లో కూడా పిల్లలు ఇప్పుడు బంతి తంతున్నారు. కాస్త బాగా ఆడే పిల్లాడు కనబడగానే "మన ఊరి మెస్సీ" అనేస్తున్నాం. ప్రేమతోనే అంటున్నాం, కాదనను. కానీ ఆ పిల్లాడు రేపు మండలం స్థాయిలో ఒక మ్యాచ్ ఓడితే, అదే నోళ్లు "మెస్సీ అన్నారు, ఏదీ" అని వెక్కిరిస్తాయి. వాడికి అదొక్కటే గుర్తుండిపోతుంది. దాని బదులు "ఇవాళ ఆ పాస్ భలే ఇచ్చావురా" అనండి. "కిందపడ్డా వెంటనే లేచి బంతి వెనక పరిగెత్తావు చూడు, అది నచ్చింది" అనండి. అది వాడు సొంతంగా సంపాదించుకున్న మాట. వాడి దగ్గర్నుంచి ఎవరూ లాక్కోలేరు.

మీ ఊళ్లో బాగా ఆడే పిల్లలు, అమ్మాయిలైనా అబ్బాయిలైనా, ఉంటే కింద రాయండి. ఒక్కటే షరతు. "అచ్చం ఫలానావాడిలా" అని మాత్రం రాయకండి. ఏం చేస్తారో రాయండి, చదువుకుని సంతోషిస్తాం.