షాపు ఎవరి పేరు మీద?

ఈ మధ్య ఒక మండల కేంద్రంలో స్వయం ఉపాధి శిక్షణ ముగింపు సభకి నన్ను పిలిచారు. ముప్ఫై మంది అమ్మాయిలు నెల రోజులు కుట్టుపని నేర్చుకున్నారు. చివర్లో "మీరు ఉద్యోగం అడిగేవాళ్లుగా కాదు, ఇచ్చేవాళ్లుగా ఎదగాలి" అని పాఠం కూడా చెప్పారు. సర్టిఫికెట్లు పంచాక, డిగ్రీ చదివిన ఒకమ్మాయి లేచి, "మేడమ్, షాపు అద్దె కాగితం మీద మా నాన్న సంతకం పెట్టనంటున్నాడు. పెళ్లయితే ఏ ఊరు పోతావో, షాపెందుకంటున్నాడు. దీనికేమన్నా పాఠం ఉందా?" అనడిగింది. వేదిక మీదున్నవాళ్లం నవ్వేశాం. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక గానీ సిగ్గనిపించలేదు.

యువత నిరుద్యోగానికి వ్యాపార శిక్షణే మందన్న మాట కొత్తదేమీ కాదు. మన దేశంలో దాని తొలి ప్రయోగాల్లో ఒకటి కాకినాడలోనే జరిగింది. 1960లలో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థతో కలిసి కాకినాడ వ్యాపారస్తులకి శిక్షణ ఇప్పించాడు. సాధించాలన్న తపనని నేర్పవచ్చని 1969లో డేవిడ్ వింటర్‌తో కలిసి పుస్తకం రాశాడు. కానీ ఆ వచ్చినవాళ్లకి అప్పటికే వ్యాపారాలున్నాయి. తపన నేర్చుకుని వెళ్తే దాన్ని పెట్టుబడిగా మార్చుకునే చోటుంది. మన అమ్మాయికి తపనకేం తక్కువ? చోటే లేదు.

1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన నమూనాతో ఇప్పుడు దాదాపు జిల్లాకొకటి చొప్పున బ్యాంకులు గ్రామీణ శిక్షణ సంస్థలు నడుపుతున్నాయి. తిండీ, వసతీ ఉచితం. మంచిదే. కానీ నేను చూసినంతలో అబ్బాయిలకి సెల్‌ఫోన్ రిపేరు, మోటారు వైండింగు. అమ్మాయిలకి కుట్టు, బ్యూటీ పార్లరు, అగరుబత్తీలు. ఒకే ఊళ్లో పదిమంది జాకెట్లు కుడితే కుట్టుకూలి పడిపోతుంది తప్ప గిరాకీ పెరగదు. అప్పుడు "నీలో చొరవ లేదు" అంటారు. ఉద్యోగాలు లేకపోవడం ప్రభుత్వ బాధ్యతగా ఉన్నంతకాలం మనం నిలదీయగలిగాం. అది అమ్మాయి స్వభావంలో లోపంగా మారిపోతే ఎవర్ని నిలదీస్తాం?

2015లో వచ్చిన ముద్రా రుణానికి ఆస్తి హామీ అక్కర్లేదని నిబంధన. అయినా బ్యాంకుకి వెళ్లిన అమ్మాయిలు "నాన్ననో, భర్తనో తీసుకురా" అన్న మాట విని తిరిగొచ్చామని నాతో చెప్పారు. కూతుళ్లకి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో సమాన వాటా ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది; 2005లో అది హిందూ వారసత్వ చట్టం సవరణగా దేశమంతటికీ వచ్చింది. ఆ సంగతి ఆ శిక్షణ పుస్తకంలో ఒక్క పేజీలోనైనా ఉందేమోనని తిరగేశాను. లేదు.

శిక్షణ వద్దని కాదు నేననేది. లెక్క రాసుకోవడం, ధర కట్టేటప్పుడు తన చాకిరీని కూడా ఖర్చులో వేసుకోవడం చిన్న విద్యేం కాదు. మనలో ఎంతమందికి వచ్చు? కాకపోతే ఆ తరగతిలో ఒకరోజు ఆస్తిహక్కుకీ, అద్దె ఒప్పందానికీ కేటాయించాలి. ఆ రోజు తండ్రుల్నీ, బ్యాంకు మేనేజర్నీ కూడా అదే బల్ల మీద కూర్చోబెట్టాలి. పెళ్లి చేసుకుని వెళ్లే ఊళ్లో కూడా ఆ అప్పు, ఆ లైసెన్సు చెల్లేలా చూడమని అధికారుల్ని అడగాలి.

ఆ అమ్మాయిని మళ్లీ కలిశాను. వాళ్లమ్మ డ్వాక్రా సంఘంలో తీసుకున్న అప్పుతో మిషను కొని వరండాలో కుడుతోంది. అప్పు అమ్మ పేరు మీద, ఇల్లు నాన్న పేరు మీద. షాపు మాట ఎత్తితే, "అడుగుతూనే ఉన్నా మేడమ్" అంది.

మీ మండలంలో గత మూడేళ్లలో శిక్షణ పొందిన అమ్మాయిలెందరు, వాళ్లలో సొంత పేరు మీద అప్పు దొరికినవాళ్లెందరు? ఊరూరా అడిగి మాకు రాసి పంపండి. వచ్చే సంచికలో వేస్తాం, ఆ కాగితాలే పట్టుకుని కలెక్టరాఫీసుకి వెళ్దాం.