కళ్ళు మూస్తే మాటే లేదు

2007 దాకా మన కోలారు జిల్లాలోనే ఉండి, ఆ ఏడు చిక్కబళ్ళాపురం జిల్లాకు వెళ్ళిన గౌరిబిదనూరు తాలూకాలో అలీపుర అనే ఊరుంది. అక్కడ పుట్టుచెవుడు తరతరాలుగా వస్తోంది. వందమందికి పైగా బధిరులు. వాళ్ళ సైగ భాష వాళ్ళదే, వినగలిగినవాళ్ళలోనూ చాలామందికి వచ్చు. సైగలతో బతికే పెద్దవాళ్ళు మన ప్రాంతానికి కొత్త కాదు. వాళ్ళు తూలి పడితే మాత్రం "చెవిటివాళ్ళకు మామూలే కదండీ" అని తేల్చేస్తాం.

మామూలేం కాదు. లోపలి చెవిలో వినికిడికీ, ఒంటి నిలకడకూ పక్కపక్కనే రెండు వాటాలున్నాయి. (కామర్సు చదివిన నాకు అలాగే అర్థమయింది!) ఒకటి మూతపడితే రెండోదీ పడాలని లేదు. పుట్టుచెవుడున్నవాళ్ళలో కొందరి నిలకడ భేషుగ్గా ఉంటుంది. మెదడు పొరల వాపు జ్వరంతో చెవులు పోయినవాళ్ళలో రెండూ దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ మందులూ నిలకడను పాడుచేయగలవు. అలాంటివాళ్ళు కళ్ళనూ, పాదాల స్పర్శనూ నమ్ముకుని నడిచేస్తారు. అరవై దాటి చూపు తగ్గి, చక్కెర జబ్బుతో అరికాళ్ళు మొద్దుబారాక లోటు బయటపడుతుంది.

పరీక్ష చిన్నదే. పాదాలు దగ్గర పెట్టి, చేతులు కట్టుకుని, ముందు కళ్ళు తెరిచి, తర్వాత మూసి నిలబడాలి. చిక్కంతా ఇక్కడే. మనకైతే "చాలు, తెరవండి" అంటారు. సైగలే భాషైన మనిషికి కళ్ళు మూశాక మాటే లేదు! ఎప్పుడు తెరవాలో, పడబోతే పట్టుకుంటారో లేదో తెలియక భయంతోనే తూలవచ్చు. అన్నీ ముందే సైగలతో చెప్పి, భుజం తడితే తెరవమని గుర్తు పెట్టుకోవాలి. పక్కనే పట్టుకునే మనిషి ఉండాలి.

మా రాబర్ట్‌సన్‌పేటలో ఒక పెద్దాయన మూడుసార్లు పడ్డారు. ఆయనా, ఆయన భార్యా బధిరులే. డాక్టరు ప్రశ్నలన్నీ కొడుకునే అడిగారట. తెల్లవారుజామునే బెంగుళూరు రైలెక్కే అబ్బాయికి ఏం తెలుసు? ఆవిడను సైగలతో అడిగితే గుట్టు తెలిసింది: మూడుసార్లూ రాత్రిపూటే, దీపం ఆర్పాక, స్నానాల గది దారిలో. 1902లోనే శివనసముద్రం నుంచి గనులకు కరెంటు వచ్చిన ఊరండీ మాది! ఆ దారిలో రాత్రంతా ఒక చిన్న బల్బు వెలిగించడానికి మనకు చేతులు రావు.

ఇంకొకటి. నడుస్తూ సైగలతో మాట్లాడేవారి చూపు ఎదుటివారి ముఖంమీద ఉంటుంది, చేతులు మాటల్లో ఉంటాయి. మెట్ల దగ్గర వాళ్ళను మాటల్లో పెట్టకండి, దిగనివ్వండి.

మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో వినికిడితోపాటు నిలకడనూ పరీక్షిస్తారు. సైగ భాష బాగా వచ్చినవారిని తోడు తీసుకెళ్ళండి. ఏ రోజు, ఎక్కడ, ఏ వెలుతురులో పడ్డారో పాస్‌బుక్కులా తేదీలవారీగా రాసిన కాగితం కూడా.